మురుగునీటిలో మొండి బ్యాక్టీరియాను లెక్కపెడితే మనకు ఒరిగేది ఏమిటి?

ఎండమావి

మా నాన్నగారికి 74 ఏళ్ళు. మూడు నెలల్లో రెండోసారి మూత్రనాళ ఇన్ఫెక్షన్ వచ్చింది. ముందు ఇచ్చిన మాత్రలు పని చేయలేదు. ఐదు రోజులైనా జ్వరం దిగకపోతే అప్పుడు కల్చర్ (మూత్రంలోని బ్యాక్టీరియాను పెంచి అది ఏ మందుకు లొంగుతుందో చూసే పరీక్ష) చేయించారు. ఈఎస్‌బీఎల్ రకం ఈ-కోలి అని వచ్చింది, అంటే చాలా యాంటీబయాటిక్‌లను విరగ్గొట్టే ఎంజైము ఉన్న పేగు బ్యాక్టీరియా. కాగితం మీద మందుల పేర్ల పక్కన వరసగా ‘ఆర్’ (లొంగదు) అక్షరాలే, నాలుగు చోట్ల మాత్రం ‘ఎస్’ (లొంగుతుంది). డాక్టరుగారు చూసి ఆశ్చర్యపోలేదు కూడా. “ఇది ఇప్పుడు ఊరంతా ఉంది” అన్నారు. మీకెలా తెలుసని అడిగాను. “వచ్చేవాళ్ళను చూస్తున్నాం కదా” అన్నారు.

అదే వారంలో ఒక వార్త చదివాను. యాంటీబయాటిక్‌లకు లొంగని బ్యాక్టీరియా ఎంత ఉందో తెలుసుకోవడానికి మురుగునీటిని పరీక్షిస్తారట. చదవగానే ఒళ్ళు మండింది. మంచం పట్టిన మనిషికి మొదటి రోజే కల్చర్ చేసే దిక్కు లేదు గానీ మురుగుకు పరీక్షలా? ఇది ఎవరికి పనికొస్తుందో తెలిసినవాళ్ళు చెప్పండి. వెటకారంగా అడగడం లేదు, నిజంగానే అడుగుతున్నాను.

పిల్లిమీసాలు

కొంచెం వెటకారం ఉంది లెండి, పరవాలేదు. మురుగు ఎవరి అపాయింట్‌మెంటూ అడగదు, వరసలో కూర్చోదు. అందుకే దానికి ముందు పరీక్ష.

అగరుపళ్ళెం

ఎండమావి గారూ, మీ కోపం న్యాయమైనదే. కానీ మీరు రెండు ప్రశ్నలను ఒకే మూటలో కట్టారు. నాన్నగారికి ఏ మందు ఇవ్వాలన్నది ఒకటి. “ఊరంతా ఉంది” అన్న మాట ఎంతవరకు నిజం అన్నది రెండోది. మొదటిదానికి మురుగు ఎప్పటికీ జవాబు చెప్పదు, ఆయన మూత్రమే చెప్పాలి. రెండోదానికి మాత్రం ఆసుపత్రి కాగితాలకంటే మురుగు మెరుగైన సాక్షి.

కల్చర్ ఎవరికి చేస్తారో ఆలోచించండి. మొదటి మందు పని చేయనివాళ్ళకు, ఆసుపత్రిలో చేరినవాళ్ళకు. మొదటి మాత్రతోనే తగ్గిపోయినవాళ్ళు మా ప్రయోగశాల గడప తొక్కరు. కాబట్టి మా లెక్కలో నిరోధకత, అంటే మందుకు లొంగకపోవడం, ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది. ఇక జబ్బే లేకుండా ఈ బ్యాక్టీరియాను పేగుల్లో మోసుకు తిరిగేవాళ్ళు ఏ లెక్కలోనూ ఉండరు. నిజానికి ఎక్కువమంది వాళ్ళే. మురుగులో అందరూ ఉంటారు.

లెక్కలపంతులు

“అందరూ ఉంటారు” అన్న దగ్గర ఆగండి. పైపు ఉన్నవాళ్ళే ఉంటారు. ఇంటి వెనక గుంత తవ్వుకున్నవాళ్ళు, సెప్టిక్ ట్యాంకువాళ్ళు, అసలు దొడ్డే లేనివాళ్ళు మీ సీసాలోకి రారు. పేదవాళ్ళను వదిలేసి తీసిన సగటును ఊరి సగటు అనకండి.

అగరుపళ్ళెం

ఒప్పుకుంటున్నాను. పైపు చివర ఉన్న జనాభా అని ఉండాల్సింది.

తెల్లకోటు62

ముప్పై ఏళ్ళు వైద్యం చేసి మానేసినవాణ్ణి. ఎండమావి గారి డాక్టరు తప్పు చెప్పలేదు గానీ, “వచ్చేవాళ్ళను చూస్తున్నాం” అనేది ఎంత బలహీనమైన ఆధారమో నాకు తెలుసు. నేనూ అలాగే చెప్పేవాణ్ణి. వరసగా ముగ్గురు రోగులకు ఒక మందు పని చేయకపోతే ఆ మందు మీద నమ్మకం పోతుంది. నాలుగోవాడికి ఇంకా బలమైనది రాస్తాం. అలా చేసి మేమే నిరోధకతను పెంచాం.

కల్చర్ ఫలితం రావడానికి రెండు మూడు రోజులు పడుతుంది. ఈలోపు ఏదో ఒకటి ఇవ్వాలి. ఆ మొదటి మందు గుడ్డిగా రాసేదే, అంటే స్థానికంగా నిరోధకత ఎంత ఉందో చూసి ఊహించేది. మూత్రాశయ ఇన్ఫెక్షన్‌కు కోట్రైమోక్సజోల్ మొదటి మందుగా ఇవ్వవచ్చా అన్నదానికి 2010 నాటి అమెరికా మార్గదర్శకాలు 20 శాతాన్ని గీతగా పెట్టాయి. స్థానిక నిరోధకత అది దాటితే పరీక్ష లేకుండా ఇవ్వవద్దని. సరే, ఆ స్థానిక శాతం నాకెవరు చెబుతారు? నా ఉద్యోగ జీవితంలో ఒక్కసారి కూడా ఎవరూ చెప్పలేదు.

ఎండమావి

అంటే మురుగు లెక్క చూసి డాక్టరు మందు మారుస్తారా? అలా అయితే కొంచెం అర్థం ఉంది.

తెల్లకోటు62

నేరుగా మార్చకూడదు. పేగుల్లో ఉన్న ఈ-కోలి అంతా మూత్రంలోకి ఎక్కి జబ్బు చేయదు. ఆ 20 శాతం గీత రోగుల నమూనాల మీద పెట్టింది, మురుగు మీద కాదు. కానీ రోగుల లెక్కే లేని చోట చీకట్లో అగ్గిపుల్ల గీసినంత వెలుతురైనా ఇస్తుంది. అంతకుమించి ఆశపడవద్దు.

అనుమానంరాజు

అగ్గిపుల్లను మురుగు దగ్గర గీయకండి డాక్టరుగారూ, అక్కడ మీథేన్ ఉంటుంది.

నా అనుమానం వేరు. ఇవాళ బ్యాక్టీరియా అంటారు. రేపు ఏ ఇంట్లో ఎవరు ఏ మాత్ర మింగారో అంటారు. మురుగు మనిషి గుట్టంతా చెబుతుంది. ఎవరిని అడిగి తీస్తున్నారు?

పిల్లిమీసాలు

మా మేడలో పది కుటుంబాలకు ఒకటే పైపు. నా గుట్టు కనిపెట్టాలంటే ముందు పై అంతస్తు వాళ్ళ గుట్టు దాటుకుని రావాలి. అది అంత తేలిక కాదు.

జన్యుసంచి

రాజుగారూ, పెద్ద శుద్ధి కేంద్రం ముఖద్వారం దగ్గర తీసే నమూనాలో వేల నుంచి లక్షల మంది ఉంటారు. అందులోంచి ఒక మనిషిని వేరు చేయలేరు.

అనుమానంరాజు

ముఖద్వారం నుంచి ఒక్కో మ్యాన్‌హోల్ వెనక్కి నడిస్తే?

పాతకాగితాలు

నడిచారు కూడా. 1948లో ఇంగ్లండులో బ్రెండన్ మూర్ అనే ఆయన అచ్చంగా ఇదే పని చేశాడు. ఉత్తర డెవన్‌లో ఒక చిన్న పట్టణం. పారాటైఫాయిడ్ ఆగి ఆగి వస్తోంది, ఎవరి నుంచి వస్తోందో తెలియదు. ఆయన గాజుగుడ్డను మడతలు పెట్టి, ముద్దలా కట్టి, తాడుతో మురుగుకాలువలోకి వేలాడదీశాడు. రెండు మూడు రోజులు ఆ నీటిలో నాననిచ్చి పైకి లాగి కల్చర్ చేశాడు. ఏ గుడ్డలో సూక్ష్మజీవి దొరికితే ఆ కొమ్మ పట్టుకుని ఎగువకు వెళ్ళాడు. కొమ్మ చీలిన చోట మళ్ళీ రెండు గుడ్డలు. అలా వీధులు దాటుకుంటూ, తనకు తెలియకుండానే క్రిమిని మోస్తున్న మనిషి ఉన్న ఇంటిదాకా చేరాడు. ఆ గుడ్డముద్దను ఇప్పటికీ ‘మూర్ స్వాబ్’ అనే అంటారు, ఇప్పటికీ వాడతారు.

కంప్యూటర్ లేదు, జన్యు పరీక్ష లేదు. ఒక గుడ్డ, ఒక తాడు, బోలెడు ఓపిక.

అనుమానంరాజు

నా వాదనకు ఇంత మంచి సాక్ష్యం నేనే తెచ్చుకోలేకపోయేవాణ్ణి. ధన్యవాదాలు.

పాతకాగితాలు

మీ వాదనకు కాదు. ఆ మనిషి ఎవరో తెలియకపోతే ఊళ్ళో ఇంకో పదిమంది మంచం పట్టేవాళ్ళు.

అనుమానంరాజు

ఆ మనిషి ఇంటి తలుపు తట్టినప్పుడు వీధి వీధంతా చూసి ఉంటుంది. ఆ తరవాత వాళ్ళింటికి ఎవరైనా వెళ్ళారా? అది ఏ కాగితంలోనూ రాసి ఉండదు.

తెల్లకోటు62

రాజుగారి మాటలో పస ఉంది. పారాటైఫాయిడ్‌కు ఇల్లు వెతకడంలో న్యాయం ఉంది, ఎందుకంటే దొరికిన మనిషికి చేయడానికి వైద్యం ఉంది. పేగుల్లో నిశ్శబ్దంగా ఉన్న ఈఎస్‌బీఎల్ ఈ-కోలికి మనం వైద్యం చేయం. చేయకూడదు కూడా. మనిషిని వెతికిపట్టి, పేరు పెట్టి, చేతులు కట్టుకుని కూర్చుంటామా? ఈ విషయంలో మురుగు లెక్క ఊరి స్థాయిలోనే ఆగాలి.

ఎండమావి

అసలు ఎలా లెక్కపెడతారో ఎవరూ చెప్పలేదు. అగరుపళ్ళెం గారూ, ఆ పనిలోనే ఉన్నట్టున్నారు?

అగరుపళ్ళెం

చెబుతాను, భోజనం చేస్తున్నవాళ్ళు తరవాత చదవండి.

సీసా మంచుపెట్టెలో వస్తుంది. నీళ్ళు బూడిదరంగులో ఉంటాయి, అడుగున మెత్తటి మడ్డి. బాగా కుదిపి, అందులోంచి చుక్క తీసి, పదింతలు, వందింతలు, వెయ్యింతలు పలచన చేస్తాం. ఒక్కో పలచన నుంచి 0.1 మిల్లీలీటరు తీసి, బ్యాక్టీరియాకు మేత పోసిన రెండు రకాల పళ్ళేల మీద పూస్తాం. ఒకటి మామూలుది. రెండోదాంట్లో సెఫోటాక్సిమ్ అనే మందు కలిపి ఉంటుంది, మిల్లీలీటరుకు 4 మైక్రోగ్రాములు. రాత్రంతా 35 డిగ్రీల దగ్గర ఉంచి తెల్లారి తెరిస్తే ఈ-కోలి ఉన్నచోటల్లా నీలం, ఆకుపచ్చ కలిసిన చుక్కలు. మందు లేని పళ్ళెంలో పెరిగినది మొత్తం ఈ-కోలి. మందు ఉన్నా పెరిగినది మొండిది. అందులోంచి కొన్నింటిని విడిగా తీసి అవి నిజంగా ఈఎస్‌బీఎల్ అవునో కాదో ఖాయం చేసుకుంటాం.

ఉదాహరణకు, వందింతలు పలచన చేసిన మామూలు పళ్ళెంలో 62 కాలనీలు (ఒక్కో బ్యాక్టీరియా పెరిగి కట్టిన చుక్కలు) అనుకోండి. అంటే మిల్లీలీటరు మురుగులో 62,000 ఈ-కోలి. పదింతలు మాత్రమే పలచన చేసిన మందు పళ్ళెంలో 93. అంటే మిల్లీలీటరుకు 9,300. నిష్పత్తి 15 శాతం. మాకు కావలసింది ఈ 15. ఆ 62,000 కాదు. ఎందుకంటే రాత్రి వాన పడితే మురుగు పలచబడి రెండూ సగానికి పడిపోతాయి, నిష్పత్తి మాత్రం దాదాపు కదలదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో విడుదల చేసిన ‘ట్రైసైకిల్’ పద్ధతిలో పర్యావరణ భాగం ఇదే. పేరుకు తగ్గట్టు మూడు చక్రాలు: మనుషులు, ఆహార గొలుసు, పర్యావరణం. మూడింటిలోనూ ఒకే ఒక సూక్ష్మజీవిని, ఈఎస్‌బీఎల్ ఈ-కోలిని మాత్రమే వెతుకుతారు. ఖరీదైన యంత్రాలేవీ లేకుండా చేయవచ్చు.

పిల్లిమీసాలు

93 కాలనీలా! మా ఊరు మొత్తం లెక్కపెట్టినా పదిహేను దాటవు, అందులో రెండింటికి ఇంకా రోడ్డే లేదు.

అగరుపళ్ళెం

మా కాలనీలకు రోడ్డు అక్కరలేదు, రాత్రికి రాత్రే వెలుస్తాయి. అనుమతులు కూడా అడగవు.

లెక్కలపంతులు

హాస్యం అయ్యాక నా లెక్క కూడా వినండి. 62, 93 అనేవి చిన్న సంఖ్యలు. అదే సీసా నుంచి ఇంకోసారి పూస్తే 62 రాదు, 55 రావచ్చు, 70 రావచ్చు. ఈ ఊగిసలాటను కలిపి చూస్తే మీ 15 శాతం అసలు విలువ ఇంచుమించు 10 నుంచి 20 మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. ఇది పళ్ళెం వల్ల వచ్చే తేడా మాత్రమే, సీసాకు సీసాకు ఉండే తేడా ఇంకా కలపలేదు. కాబట్టి “పోయిన నెల 15, ఈ నెల 18, నిరోధకత పెరిగింది” అని ఎవరైనా అంటే నమ్మకండి. ఏడాదిపాటు నెలనెలా తీసి, పళ్ళేలు పెంచి, గీత ఎటు వంగుతోందో చూడాలి.

ఇంకో పేచీ ఉంది, దీన్ని చాలామంది దాటవేస్తారు. 15 శాతం ఈ-కోలి మొండిది అంటే 15 శాతం జనం మోస్తున్నారని కాదు. ఒక ఊళ్ళో 15 శాతం మందికి పేగుల్లోని ఈ-కోలి అంతా మొండిదే అనుకోండి. ఇంకో ఊళ్ళో 60 శాతం మందికి ఉంది, కానీ ఒక్కొక్కరిలో నాలుగోవంతు మాత్రమే మొండిది. రెండు ఊళ్ళ మురుగూ 15 శాతమే చూపిస్తుంది. మొదటిది ఇంకా మొదలవుతున్న వ్యవహారం, రెండోది చేయి దాటిపోయిన వ్యవహారం. సీసాకు ఆ తేడా తెలియదు.

అగరుపళ్ళెం

ఇది నిజమే. అందుకే ట్రైసైకిల్‌లో గర్భిణుల మల నమూనాలు కూడా కొన్ని తీస్తారు. ఎంతమంది మోస్తున్నారన్నది అక్కడ తెలుస్తుంది. మురుగు ఒక్కటే చాలని ఆ పద్ధతి రాసినవాళ్ళూ అనలేదు.

ఎండమావి

“రెండోది చేయి దాటిపోయిన వ్యవహారం” అన్న వాక్యం చదివి కాసేపు ఆగిపోయాను. మాది ఏ ఊరో.

పంపుహౌసు

పై పోస్టులన్నీ చదివాను. నేను మురుగుశుద్ధి కేంద్రంలో 19 ఏళ్ళుగా షిఫ్టు చూస్తున్నాను. సీసా నింపేది మా వాళ్ళే. ప్రయోగశాల లెక్క ఎంత శుద్ధంగా ఉన్నా, సీసా ఎక్కడ ముంచారన్నది అడిగినవాళ్ళు లేరు.

మురుగు రోజంతా ఒకేలా ఉండదు. తెల్లవారుజామున దాదాపు నీళ్ళే. ఉదయం అందరూ లేచాక, ఊరి పొడవును బట్టి గంటో రెండు గంటలో ఆలస్యంగా మా దగ్గరికి చిక్కటిది వస్తుంది. ఒక్క చెంబు ముంచి పంపితే ఆ నిమిషం సంగతే తెలుస్తుంది. అందుకని 24 గంటలు కొంచెం కొంచెంగా తీసే యంత్రం పెడతారు. దాని గొట్టానికి వెంట్రుకలు, తడి తుడుపుగుడ్డలు చుట్టుకుంటాయి. రాత్రి రెండింటికి గొట్టం మూసుకుపోతే తెల్లారి సీసాలో ఉన్నది సగం రోజే. చీటీ మీద మాత్రం ‘24 గంటలు’ అనే ఉంటుంది.

అసలైన దొంగ ఇంకొకటి. బురదను చిక్కబరచగా పైన తేలిన నీటిని పైపు వేసి మళ్ళీ ముఖద్వారం దగ్గరే కలుపుతాం. చాలా కేంద్రాల్లో ఇదే పద్ధతి. నమూనా గొట్టం ఆ పైపుకు దిగువన ఉంటే మీ సీసాలో ఉన్నది ఊరి బ్యాక్టీరియా ఒక్కటే కాదు, మా తొట్టెల్లో రోజుల తరబడి పెరిగిన బ్యాక్టీరియా కూడా.

లెక్కలపంతులు

ఈ చర్చ మొత్తంలో పనికొచ్చే పోస్టు ఇదే. నాది కూడా కలిపే అంటున్నాను.

అగరుపళ్ళెం

పంపుహౌసు గారూ, మాకు వచ్చే చీటీలో ‘ముఖద్వారం’ అని ఒక్క మాటే ఉంటుంది. ఆ పైపుకు ఎగువా దిగువా అని ఇంతవరకు అడగలేదు. సోమవారం అడుగుతాను.

జన్యుసంచి

పళ్ళేల పద్ధతికి ఒక పరిమితి ఉంది: దేన్ని వెతుకుతామో అదే దొరుకుతుంది. మేము సీసాలోని డీఎన్‌ఏ మొత్తం తీసి చదువుతాం. తెలిసిన నిరోధక జన్యువులన్నీ ఒకేసారి కనిపిస్తాయి. 2019లో వచ్చిన ఒక అధ్యయనం 60 దేశాల్లో 79 చోట్ల మురుగును ఇలా చదివింది. 2022లో అదే వరసలో 101 దేశాల్లోని 243 నగరాల నుంచి 757 నమూనాలు. 2019 దాంట్లో నన్ను ఆగి ఆలోచించేలా చేసిన విషయం ఒకటి ఉంది. నిరోధక జన్యువుల మోతాదు యాంటీబయాటిక్ వాడకంతో బలహీనంగానే ముడిపడింది. పారిశుద్ధ్యం, ఆరోగ్య వసతులు, ఆర్థిక స్థితి వీటితో గట్టిగా ముడిపడింది.

తెల్లకోటు62

అంటే మేము రాసిన చీటీలకంటే ఊరి కాలువలే పెద్ద నేరస్థులా?

జన్యుసంచి

ఇద్దరూ ముద్దాయిలే. మందు మొండివాటిని ఏరి మిగులుస్తుంది, మురుగు కలిసిన నీళ్ళు వాటిని ఇంటింటికీ పంచుతాయి. ఎంపిక చేసేది ఒకటి, చేరవేసేది ఒకటి.

లెక్కలపంతులు

దేశాల సగటుల మీద తీసిన సంబంధం అది. కారణం అని అనవద్దు.

జన్యుసంచి

అనలేదు. “ముడిపడింది” అన్నాను.

లెక్కలపంతులు

“నేరస్థులు”, “ముద్దాయిలు” అన్నారు.

పిల్లిమీసాలు

పంతులుగారు ఇంట్లో కూడా ఇలాగే ఉంటారా అన్నది నా పరిశోధనాంశం.

అగరుపళ్ళెం

జన్యుసంచి గారి పద్ధతికి కూడా ఒక పరిమితి ఉంది, అది వారు చెప్పరు కాబట్టి నేను చెబుతాను. జన్యువు దొరకడమంటే మారుతాళం దొరకడం. అది ఏ దొంగ జేబులోదో తెలియదు. చచ్చిన బ్యాక్టీరియాది కావచ్చు, మనిషికి ఏ హానీ చేయని మట్టి బ్యాక్టీరియాది కావచ్చు. నా పళ్ళెంలో పెరిగినది మాత్రం బతికి ఉన్నదే.

జన్యుసంచి

ఒప్పుకుంటున్నాను. కానీ ఆ తాళం చేతులు మారుతుంది కదా. ప్లాస్మిడ్ (ఒక బ్యాక్టీరియా నుంచి ఇంకోదానికి చేరగల చిన్న డీఎన్‌ఏ వలయం) మీద ఉన్న జన్యువు ఇవాళ ఒకదాని దగ్గర, రేపు ఇంకోదాని దగ్గర. కొత్త తాళం ఊళ్ళోకి వచ్చిందని తెలిస్తే చాలు, ఎవరి జేబులో ఉందో తరవాత చూసుకోవచ్చు.

ఎండమావి

కొత్తది వస్తే మురుగులో ముందే తెలుస్తుందా? కరోనా అప్పుడు అలా అన్నారు.

పాతకాగితాలు

అన్నారు, అయింది కూడా. 2020లో నెదర్లాండ్స్‌లోని అమెర్స్‌ఫోర్ట్ పట్టణంలో మార్చి 5న తీసిన మురుగులో వైరస్ ఆనవాళ్ళు దొరికాయి. అప్పటికి ఆ పట్టణంలో ఒక్క కేసూ నమోదు కాలేదు. పోలియో సంగతి ఇంకా గట్టిది. 2013లో ఇజ్రాయెల్‌లో ఒక్క పిల్లకూ పక్షవాతం రాలేదు, మురుగులో మాత్రం పోలియో వైరస్ నెలల తరబడి కనిపించింది. మళ్ళీ చుక్కలు వేశారు.

లెక్కలపంతులు

ఆ పోలికే తప్పు. పోలియో ఒక్కటి దొరికినా వార్తే, ఎందుకంటే అది ఉండకూడదు. ఈఎస్‌బీఎల్ ఈ-కోలి అలా కాదు, ఎక్కడ చూసినా ఉంటుంది. ఉందా లేదా అన్న ప్రశ్నకు జవాబు ముందే తెలుసు. ఎంత ఉంది, పెరుగుతోందా అన్నది నెమ్మదైన ప్రశ్న. సైరన్ మోగదు.

జన్యుసంచి

ఈఎస్‌బీఎల్ వరకు నిజం. కార్బాపెనెమ్‌లను, కొలిస్టిన్‌ను పనికిరాకుండా చేసే జన్యువుల సంగతి వేరు. చివరి వరసలో దాచుకున్న మందులు అవి. కొలిస్టిన్‌కు లొంగకుండా చేసే ఎంసీఆర్-1 జన్యువు గురించి 2015 నవంబరులో చైనా పరిశోధకులు బయటపెట్టాక మిగతా దేశాలవాళ్ళు తమ దగ్గర దాచి ఉంచిన పాత నమూనాలు తెరిచి చూసుకున్నారు. అప్పటికే ఉంది. పెద్ద ఆసుపత్రి దిగువన ఉన్న మ్యాన్‌హోల్‌లో అలాంటిది మొదటిసారి కనిపిస్తే అది సైరనే.

విమానాల మరుగుదొడ్లు కూడా చదివారు. కోపెన్‌హాగెన్‌లో దిగిన 18 దూరప్రయాణ విమానాల మలాన్ని పరీక్షించి 2015లో ప్రచురించారు. ఏ ప్రాంతం నుంచి వచ్చిన విమానంలో ఏ నిరోధక జన్యువులు ఎక్కువో తేడా కనిపించింది.

అనుమానంరాజు

చూశారా! ఇవాళ విమానం, రేపు దేశం. కార్బాపెనెమ్‌లను పనికిరాకుండా చేసే ఎన్‌డీఎం-1 గుర్తుందా? ‘ఎన్‌డీ’ అంటే న్యూఢిల్లీ. ఒక ఎంజైముకు ఊరి పేరు తగిలించేశారు.

పాతకాగితాలు

గుర్తుంది. 2008లో స్వీడన్‌లో చికిత్స పొందిన, అంతకుముందు భారతదేశంలో ఆసుపత్రిలో ఉన్న రోగి నుంచి దాన్ని గుర్తించారు. పేరు మీద మన దేశంలో పెద్ద గొడవే అయింది. 2011లో వచ్చిన అధ్యయనంలో ఆ నగరంలో వీధుల్లో నిలిచిన నీటి నమూనాలు 171 పరీక్షిస్తే 51లో ఆ జన్యువు దొరికింది. కుళాయి నీటి నమూనాలు 50 అయితే 2లో. పేరు అన్యాయమే అనుకుందాం. కుళాయిలో దొరికిన ఆ రెండింటిని ఏం చేద్దాం?

అనుమానంరాజు

...

దీనికి నా దగ్గర జవాబు లేదు. కానీ పేరు పెట్టకుండా కూడా ఆ మాట చెప్పవచ్చు.

తెల్లకోటు62

చెప్పవచ్చు. చెప్పి ఉండాల్సింది.

పొలంగట్టు

పశువైద్యుణ్ణి. మనుషుల మురుగు అంటూ ఇంతసేపు మాట్లాడారు. ఆ పైపులోకి కబేళా నీళ్ళు కలిస్తే? కోళ్ళ పెంపకంలో బరువు పెరగడానికి మందు దాణాలో కలిపిన కాలం నేను చూశాను. ఆహార జంతువులకు కొలిస్టిన్‌ను మన దేశం 2019లో నిషేధించింది. సీసాలో దొరికిన ఈ-కోలి మనిషిదా, కోడిదా అని ఎవరైనా చూస్తున్నారా?

జన్యుసంచి

పూర్తిగా విడదీయలేం గానీ మనిషి మలం వాటా ఎంతో తెలుసుకునే గుర్తులు ఉన్నాయి. క్రాస్‌ఫేజ్ అని మన పేగు బ్యాక్టీరియా మీద బతికే వైరస్ ఒకటి, 2014లో కంప్యూటర్ మీదే బయటపడింది. ఇంకోటి మిరప మొక్కలకు తెగులు తెచ్చే వైరస్. మనం తిన్న మిరపతో లోపలికి వెళ్ళి, చెక్కుచెదరకుండా బయటికి వస్తుంది. మురుగులో మనిషి వాటాకు అది కొలమానం.

పిల్లిమీసాలు

చెక్కుచెదరకుండా బయటికి వస్తుందన్న సంగతి కొలమానం లేకుండానే తెలుసు మాకు.

వేదిక నిర్వాహకుడు

పిల్లిమీసాలు గారూ, ఒక హెచ్చరిక. నవ్వుతూనే ఇస్తున్నాను.

పంపుహౌసు

కర్మాగారాల నీళ్ళు మరిచిపోతున్నారు. కబేళా కంటే అదే నన్ను ఎక్కువ వేధిస్తుంది. ఒక్కో రాత్రి వాసనే మారిపోతుంది, నురగ రంగు మారుతుంది. ఆ రోజు సీసాకు లెక్క ఉంటుందా?

జన్యుసంచి

మందుల కర్మాగారం అయితే లెక్క మొత్తం తిరగబడుతుంది. పటాన్‌చెరు దగ్గర మందుల కంపెనీల వ్యర్థజలాలను శుద్ధి చేసే కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రచురించారు. ఆ మాత్ర మింగిన మనిషి రక్తంలో ఉండేదానికంటే ఎక్కువ. అలాంటి నీటిలో మొండివి మాత్రమే మిగులుతాయి. అక్కడ తీసిన సీసా ఆ ఊరి జనం గురించి ఏమీ చెప్పదు, కర్మాగారం గురించి చెబుతుంది. అందుకే ఎగువన ఏమేమి కలుస్తున్నాయో తెలియకుండా సంఖ్యను చదవకూడదు.

ఎండమావి

ఇంత చదివాక నా ప్రశ్న కొంచెం మారింది. 12 నెలలు సరిగ్గా తీశారనుకుందాం. గీత పైకే వెళుతోంది. అప్పుడు ఎవరు ఏం చేస్తారు? ఆ సంఖ్య ఎవరి బల్ల మీదకు వెళుతుంది?

తెల్లకోటు62

ఇది అసలు ప్రశ్న. 2019లో ప్రపంచంలో 12.7 లక్షల మరణాలకు మందులకు లొంగని బ్యాక్టీరియా నేరుగా కారణమని లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన అంచనా. ఆ సంఖ్య అందరి బల్ల మీదకూ వెళ్ళింది. బల్ల మీదే ఉంది.

అగరుపళ్ళెం

మా సంఖ్యలు ఒక నివేదికలో చేరతాయి. ఆ నివేదిక ఇంకో నివేదికలో చేరుతుంది. ఒక్క డాక్టరు కూడా ఫోను చేసి “ఈ నెల ఎంత?” అని ఇంతవరకు అడగలేదు. ఇది చెప్పడానికి సిగ్గుగా ఉంది.

జన్యుసంచి

ఐరోపా సమాఖ్య 2024లో సవరించిన మురుగునీటి చట్టంలో లక్ష జనాభాకు సమానమైన లేదా అంతకు మించిన మురుగు వచ్చే పట్టణాలకు ఈ నిఘాను తప్పనిసరి చేసింది. 12 శుద్ధి కేంద్రాల మీద 2019లో అక్కడే చేసిన అధ్యయనంలో మురుగులో కనిపించిన తీరు ఆ దేశాల ఆసుపత్రుల్లో కనిపించిన తీరుతో సరిపోయింది. కొలవడం ఒక అలవాటైతే చదవడం కూడా అలవాటవుతుందని నా ఆశ.

అనుమానంరాజు

దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు కాకుండా ఉంటే చాలు. గుట్టు పోకుండా, ఊరి పేరు చెడకుండా తీస్తామంటే నాకూ అభ్యంతరం లేదు. సగం మాత్రమే ఒప్పుకుంటున్నాను.

ఎండమావి

నాన్నగారికి కల్చర్‌లో ‘ఎస్’ అని వచ్చిన మందుల్లో ఒకటి ఇచ్చారు. జ్వరం తగ్గింది, నిన్న వరండాలో కూర్చుని నన్ను తిట్టారు కూడా. మురుగు పరీక్ష చేయడం తప్పని ఇప్పుడు అనను. మొదటి రోజే ఆయనకు కల్చర్ చేయకపోవడం తప్పని మాత్రం ఇప్పటికీ అంటాను.

తెల్లకోటు62

ఆ రెండో వాక్యంతో ఎవరూ వాదించరు.

పంపుహౌసు

అగరుపళ్ళెం గారూ, మీరు సోమవారం మీ వాళ్ళను అడిగేలోపు నేనే టార్చి తీసుకుని వెళ్ళి మా దగ్గర చూసివచ్చాను. మా గొట్టం తిరుగునీటి పైపుకు రెండు మీటర్లు దిగువనే ఉంది. ఎనిమిది నెలలుగా. రేపు ఎగువకు మార్పిస్తాను.

అగరుపళ్ళెం

అయితే ఆ ఎనిమిది నెలల లెక్క?

లెక్కలపంతులు

పారేయకండి. పాత చోట, కొత్త చోట పక్కపక్కనే రెండు సీసాలు, కనీసం పది వారాలు తీయండి. తేడా ఎంతో తెలిస్తే పాత లెక్కలో ఎంత పనికొస్తుందో చూడవచ్చు.

పంపుహౌసు

రెండు సీసాలంటే సరే. మంచుపెట్టె ఒకటే ఉంది, అందులో మా షిఫ్టు మంచినీళ్ళ సీసాలు పెట్టవద్దని ముందు మా వాళ్ళకు చెప్పాలి.